అయిదంటే అయిదే

కాంగ్రెస్‌మన్ వెర్నన్ టేబర్‌కి ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఆహ్వానపత్రికలో ఏ టైము వేస్తే సరిగ్గా ఆ టైముకి వచ్చేసేవాడు.

అది జబ్బేమిటి, సుగుణం కదా అంటారా? అయితే మీరు జన్మలో ఒక్క తెలుగు ఫంక్షన్ కూడా జరిపించి ఉండరు. కార్డు మీద ‘సాయంత్రం 5 గంటలకు’ అని వేశామంటే, అయిదింటికి మగవాళ్ళు గడ్డం గీసుకోవడం మొదలుపెడతారని, ఆరింటికి ఆడవాళ్ళు చీరకి సరిపోయే గాజులు కనపడక ఇల్లంతా వెతుకుతుంటారని, ఆరున్నరకి కార్లు కదులుతాయని, ఏడింటికి జ్యోతి వెలిగిస్తారని అర్థం. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు. మిషిగన్‌లో పుట్టి, తెలుగు రెండు ముక్కలు కూడగట్టుకుని మాట్లాడే పిల్లలకి కూడా తెలుసు. అక్కడి నోవై ఊరి చుట్టుపక్కల తెలియని మనిషి ఒక్కడే. ఆ ఒక్కడే ముప్పై ఏళ్ళకు పైగా ఆ ప్రాంతానికి వాషింగ్టన్‌లో ప్రతినిధి.

ఆయన టైము వల్ల అందరికంటే ఎక్కువ అవస్థ పడింది గిరిజ. తెలుగు సంఘానికి ఆమె మొదట కార్యదర్శి, తర్వాత అధ్యక్షురాలు, ఎవరూ దొరకని ఏడాది రెండూ తనే.

మొదటిసారి కార్యదర్శి అయిన ఏడాది ఉగాదికి, పట్టుచీర మీద స్నో కోటు వేసుకుని, పూలదండల డబ్బా పట్టుకుని ఆరున్నరకి కమ్యూనిటీ హాల్‌కి చేరింది. లోపల పొడుగాటి తెల్లాయన ఒకాయన, కోటు విప్పేసి, చొక్కా చేతులు పైకి మడిచి, మడత కుర్చీలు రెండేసి చంకలో ఇరికించుకుని మోస్తున్నాడు. పోనీలే, హాల్ వాళ్ళు మనిషిని పంపారు అనుకుంది.

"ఎక్స్‌క్యూజ్ మీ! వెనకాల ఇంకో రెండు వరసలు వేయండి. అదేమిటి, ఆ మూల రెండు కుర్చీలు ఎదురుబొదురుగా వేశారు? స్టేజీ ఇటుంది" అని ఇంగ్లీషులో కేకేసింది.

"ఎస్ మేడమ్" అన్నాడాయన. వేశాడు.

ఏడవుతుండగా భర్త రాధాకృష్ణ దగ్గరికి పరిగెత్తింది. ఆయన మైకు వైర్లలో చిక్కుకుని ఉన్నాడు. "ఏమండీ, చీఫ్ గెస్ట్ ఇంకా రాలేదు. నా పరువు పోయేలా ఉంది!"

"చీఫ్ గెస్టా? అదుగో, నువ్వు చెప్పిన రెండో వరస వేస్తున్నాడు."

చేతిలో దండల డబ్బా ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే రెండు చేతులతో మొహం కప్పుకునేదే. వెళ్ళి వంద సారీలు చెప్పింది. ఆయన నుదురు తుడుచుకుని, "మీరు చెప్పింది రైటే. రెండు వరసలు తక్కువయ్యాయి" అన్నాడు.

అప్పటి నుంచీ ప్రతి ఉగాదికీ, ప్రతి దీపావళికీ ఇదే తంతు. అయిదింటికి వస్తాడు. ఖాళీ హాలు చూస్తాడు. "అందరూ ఏరీ?" అంటాడు. అక్కడ ఉన్నవాళ్ళు, అంటే వంట హనుమయ్య, స్పీకర్లు మోసే రాధాకృష్ణ, గిన్నెలు కడగడానికి ఒప్పుకున్న ఒకరిద్దరు ఆడవాళ్ళు, ముక్తకంఠంతో "దారిలో ఉన్నారు" అంటారు. విని విని ఆ ముక్క ఆయనకి కంఠస్థం అయిపోయింది. తర్వాత్తర్వాత తనే ప్రశ్న అడిగి తనే జవాబు చెప్పేసుకునేవాడు. "అందరూ ఏరీ? ధారీలో ఉన్నారూ." కోటు విప్పి వంకీకి తగిలించి, కుర్చీలు లాగేవాడు.

ఎప్పుడు మొదలుపెట్టినా వంటగది పక్క మూల నుంచే మొదలుపెట్టేవాడు. ముందుగా రెండు కుర్చీలు, ఒకదానికొకటి ఎదురుగా. గిరిజ హాల్లోకి రాగానే చేసే మొదటి పని ఆ రెండిటినీ స్టేజీ వైపు తిప్పడం. "దేశానికి చట్టాలు రాస్తాడట గానీ, కుర్చీ ఎటు వేయాలో తెలియదు మహానుభావుడికి" అని గొణుక్కునేది. మళ్ళీ ఏడాది మళ్ళీ అలాగే వేసేవాడు. మళ్ళీ తిప్పేది.

ఈ రోగం కుదర్చాలని ఒకసారి ఆయన ఆఫీసులో అపాయింట్‌మెంట్లు చూసే దేదీప్యకి ఫోన్ చేసింది. ఆ పిల్ల టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పుట్టి పెరిగింది.

"అమ్మా దేదీప్యా, ఆయన్ని ఏడింటికి పంపవే, నీకు పుణ్యముంటుంది."

"ఆంటీ, ఐ ట్రైడ్! నేను చెప్పా, తెలుగు టైమ్ డిఫరెంట్ అని. కార్డ్‌లో ఫైవ్ ఉంది కదా అంటారు. అంతే, వెళ్ళిపోతారు."

"అయితే కార్డులోనే ఏడు వేద్దామా?" అని భర్తని అడిగింది.

"ఏడు వేస్తే జనం తొమ్మిదికి వస్తారు" అన్నాడు రాధాకృష్ణ. ఆ మాటకి తిరుగు లేదు.

వాషింగ్టన్‌లోనూ ఆయన వరస ఇదేనట. కమిటీ మీటింగు పదింటికంటే పదింటికి ఒక్కడే కూర్చుని ఉండేవాడట. అక్కడి సభలో పొద్దు వాలాక, అందరూ వెళ్ళిపోయాక, మాట్లాడాలన్న సరదా తీరని సభ్యులు ఖాళీ కుర్చీలకి ఉపన్యాసాలివ్వడం ఒక ఆచారం. గిరిజ ఒకసారి టీవీలో చూసింది. ఎవరో అవతలి పార్టీ ఆయన గొంతు చించుకుంటున్నాడు. అన్ని వందల కుర్చీల మధ్య ఒక్క తల. చూస్తే మన టేబర్! గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వింటున్నాడు. "పాపం, ఈయనకి ఇల్లూ వాకిలీ లేవా?" అంది గిరిజ.

అంత కాలం సభలో ఉండి ఆయన సొంతంగా పెట్టి గెలిపించుకున్న బిల్లు ఒక్కటే. ఒక చిన్న ఊరి పోస్టాఫీసుకి, అక్కడ ఉత్తరాలు పంచి రిటైరైన ఆవిడ పేరు పెట్టించాడు. అది కూడా అందరూ చప్పట్లు కొట్టి ఒప్పుకునే రకం. పెద్ద ఉపన్యాసకుడు కాదు, టీవీ చర్చలకి పిలిచే మొహమూ కాదు. తన ముందువాళ్ళంతా ఓడిపోయో, రిటైరయ్యో వెళ్ళిపోగా, ఎక్కడికీ పోకుండా కూర్చున్నందుకు చివరికి ఒక కమిటీకి అధ్యక్షుడయ్యాడు.

రెండేళ్ళకోసారి ఎన్నికలు. ఒకసారి ఎదుటివాడు టీవీలో ప్రకటన వేశాడు. ‘ఈ ముసలాయన కుర్చీ వదలడు!’ అని పెద్ద అక్షరాలు, కింద టేబర్ ఫోటో. వెతికి వెతికి వాళ్ళు పట్టుకున్న ఫోటో ఏది? తెలుగు సంఘం హాల్లో రెండు మడత కుర్చీలు చంకలో పెట్టుకుని నడుస్తున్నది! నోవై తెలుగువాళ్ళకి పౌరుషం వచ్చేసింది. "అది మన హాలు! అది మన కుర్చీ!" అని పోటెత్తి ఓటేశారు. జన్మలో పోలింగ్‌కి టైముకి వెళ్ళని వాళ్ళు కూడా ఆ రోజు పొద్దున్నే వెళ్ళారు.

అలాంటి మనిషి ఇక పోటీ చేయనన్నాడు. నవంబరులో కొత్తాయన గెలిచాడు. జనవరితో టేబర్ పదవి అయిపోతుంది. ఆ లోపల మిగిలింది, హాలు దొరక్క ఆలస్యమైన ఒక్క దీపావళి ఫంక్షన్.

గిరిజ మనసులో ఎన్నాళ్ళ నుంచో ఒక ముల్లు ఉంది. పిలిచిన పెద్దమనిషి చేత ఇన్నేళ్ళు కుర్చీలు మోయించాం. ఒక్కసారి, ఆఖరిసారైనా, అయిదింటికి ఆయన తలుపు తీస్తే హాలు నిండా మనుషులుండాలి. అది జరగకపోతే ఆవిడకి నిద్ర పట్టదు.

కార్డులు రెండు రకాలు వేయించింది. ఆయనకి అయిదు, మనవాళ్ళకి మూడు. ఆ ఒక్క ఎత్తు చాలదని ఆవిడకి తెలుసు. అందుకని అడుగున ఎర్రక్షరాలతో ‘పకోడీలు నాలుగు గంటల వరకు మాత్రమే’ అని వేయించింది. హాలు మధ్యాహ్నమే తీయించి, కుర్చీలన్నీ తనే నిలబడి వేయించింది. అన్నీ స్టేజీ వైపే.

నమ్మండి, నాలుగున్నరకి హాలు నిండిపోయింది.

అయిదయింది. తలుపు తెరుచుకుంది. భుజాల మీద మంచు దులుపుకుంటూ టేబర్ లోపల అడుగుపెట్టాడు. మొత్తం జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గిరిజ కళ్ళు చెమర్చాయి.

ఆయన మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాడు. "అందరూ..." అని మొదలుపెట్టి, అడగడానికేమీ లేక ఆపేశాడు. నిండిపోయిన వరసల వంక చూశాడు. కోటు సగం విప్పి మళ్ళీ తొడుక్కున్నాడు. వంటగది పక్క మూలకి చూశాడు. అక్కడ జ్ఞాపికల బల్ల ఉంది. తప్పిపోయిన పిల్లాడిలా నిలబడ్డ ఆ మనిషిని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరస సోఫాలో కూలేశారు.

ముసలాయనకి ఆనందం ఎక్కువై అలా అయిపోయాడనుకుంది గిరిజ. టీ పంపిద్దామని వంటగదిలోకి వెళ్ళింది. అక్కడ గోడకి ఆనుకుని సుధ కళ్ళు తుడుచుకుంటోంది.

సుధ భర్త రవికుమార్ అంతకు ముందు చలికాలం గుండెపోటుతో పోయాడు. నలభై దాటీ దాటని మనిషి, ఒక్కతే కూతురు సాన్వి. అప్పుడు ఊరంతా కదిలింది. వండి తెచ్చిన గిన్నెలు ఫ్రిజ్‌లో పట్టలేదు. తర్వాత ఎవరి ఉద్యోగాల్లో వాళ్ళు పడ్డారు. ఎప్పుడు పలకరించినా "బాగానే ఉన్నాం అక్కా" అనేది. బాగానే ఉన్నారనుకున్నారు.

"ఏమైంది సుధా?"

"ఏం లేదక్కా. ఉల్లిపాయలు."

"నువ్వు తరుగుతున్నది కొత్తిమీర."

పొయ్యి దగ్గర నుంచి హనుమయ్య అందుకున్నాడు. "ఆమె చెప్పదు గానీ నేను చెప్తా గిరిజమ్మా. ఇయ్యాల ఆ సార్‌తోని మాట్లాడాలని వచ్చింది. ఎప్పట్లెక్క రెండు గంటలు దొరుకుతయనుకున్నం. మీరేమో టైముకే షురూ చేస్తిరి."

"ఏం మాట్లాడాలి?"

సుధ కత్తి పక్కన పెట్టింది. "గ్రీన్ కార్డ్ కేస్ అంతా మావారి పేరు మీదే ఉందక్కా. ఆయన పోయాక ఫైల్ ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పట్లేదు. నా వీసా స్టేటస్ ఫిబ్రవరి దాకానే. ఆ లోపల కదలకపోతే సాన్విని తీసుకుని వెళ్ళిపోవాలి. అది టెన్త్ గ్రేడ్. దానికింకా చెప్పలేదు."

"మరి టేబర్ ఆఫీస్‌కి ఫోన్ చేయలేకపోయావా?"

"రెండుసార్లు చేశా. మీ పేరేంటి అనగానే భయమేసి కట్ చేసేశా. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి వీసా సంగతి ఎలా చెప్పను? ఈయనైతే ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటారు, తొందరపెట్టరు, చెప్పెయ్ అన్నారు వీళ్ళంతా. ఈ రోజు మిస్ అయితే ఇంక ఆయన పదవిలో ఉండరు కదక్కా."

"వీళ్ళంతా అంటే ఎవరు?"

హనుమయ్య చేతులు తుడుచుకున్నాడు. "మా ఇంటామె ఆపరేషన్ అప్పుడు ఇండియా నుంచి బిడ్డకు వీసా అయితలేకుండె. ఆ మూలకు కూసోని సార్‌తో చెప్పిన. ఆయన ఎంబసీకి ఉత్తరం రాసిండు. ఆపరేషన్ నాటికి బిడ్డ ముందల నిలబడ్డది."

గిన్నెల దగ్గరున్న రేణు కుళాయి కట్టేసింది. "మా తమ్ముడి వర్క్ పర్మిట్ అంతేనండి."

గిరిజ టీ సంగతే మరిచిపోయింది. "ఇన్నేళ్ళ నుంచి ఇంత జరుగుతుంటే నాకు ఒక్కరూ చెప్పలేదే!"

వెనక నుంచి రాధాకృష్ణ గొంతు వినిపించింది. వైరు చుట్ట భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "నువ్వు ఆరున్నరకి కదా వచ్చేదానివి."

"అంటే మీకూ తెలుసా?"

"లేఆఫ్స్ అయిన ఏడాది గుర్తుందా? నా జాబ్ పోయి, వీసా పేపర్లు ఇరుక్కుపోయి, ఇల్లు ఖాళీ చేసేద్దామనుకున్నాం. కంపెనీ లాయర్ చూసుకున్నాడని నీకు చెప్పాను." భుజాన వైరు సర్దుకున్నాడు. "లాయర్ కాదు."

"మరి నాతో ఎందుకనలేదు?"

"కుర్చీలో కూర్చుని ఏడ్చాను గిరిజా. అది నీకేం చెప్పను?"

గిరిజకి మొదట ఒళ్ళు మండింది, తర్వాత గుండె నీరైపోయింది. తన ఇల్లు, పిల్లల చదువులు, ఈ ఊళ్ళో తను పెద్దరికం చెలాయించిన ఇన్నేళ్ళూ ఆ మూల రెండు కుర్చీల మీదే నిలబడ్డాయి. ఆ కుర్చీల్నే ఏడాదికి రెండుసార్లు విసుక్కుంటూ స్టేజీ వైపు తిప్పింది. ఇవాళ ఏకంగా తీయించేసింది.

బయట స్టేజీ మీద జ్యోతి వెలిగించబోతున్నారు. ఆ తర్వాత సన్మానం, పద్నాలుగు మంది ఉపన్యాసాలు, పిల్లల డాన్సులు. ఏడు దాటగానే ఆయన విమానానికి వెళ్ళిపోవాలి. గిరిజ కొంగు బిగించి స్టేజీ ఎక్కి, స్వాగతం చదవబోతున్న అమ్మాయి చేతిలోంచి మైకు లాక్కుంది.

"అందరికీ నమస్కారం. మైకు పని చేయడం లేదు. అందువల్ల కార్యక్రమం కొంచెం ఆలస్యంగా మొదలవుతుంది."

ఆ మాట మైకులోంచి ఖంగుమని హాలు చివరిదాకా వినిపించింది. ఒక్కరు కూడా ఇదేమిటని అడగలేదు.

"ఇంకో సంగతి. కుర్చీలు తప్పుగా వేశాం. అందరూ లేచి, తీసి, మళ్ళీ వేయాలి."

హాలంతా హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. వచ్చినప్పటి నుంచీ ఏదో తేడాగా ఉందని అందరికీ అనిపిస్తూనే ఉంది. ఇప్పుడు అసలైన ఫంక్షన్‌లా ఉంది. "పకోడీలు మిగిలాయా?" అని ఎవరో కేకేశారు. జనం లేచి గుంపులు గుంపులుగా కబుర్లలో పడ్డారు. రాధాకృష్ణ మైకు పట్టుకుని, దివ్యంగా పని చేస్తున్న దాంట్లో, "హలో, చెక్, చెక్" అంటూ రిపేరు మొదలుపెట్టాడు.

సోఫాలోంచి టేబర్ అప్పటికే లేచాడు. కోటు విప్పుతున్నాడు. గిరిజ ఆయన దగ్గరికి వెళ్ళింది.

"మిస్టర్ టేబర్, ఎప్పటిలా ఆ మూల నుంచి మొదలుపెడతారా?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "ఎదురుబొదురుగా వేస్తాను. పర్వాలేదా?"

"వేయండి. నేను తిప్పను."

జ్ఞాపికల బల్ల పక్కకి జరిపేశారు. రెండు కుర్చీలు పడ్డాయి. సుధని గిరిజే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టి, వివరాలు రాసుకోవడానికి, ఫంక్షన్‌కి వచ్చిన దేదీప్యని కూడా పిలిచి, తను దూరంగా వచ్చేసింది. ఎవరూ అటు వెళ్ళకుండా అడ్డంగా నిలబడింది. సుధ అరచేతులు చూసుకుంటూ మాట్లాడింది. మధ్యలో ఆగిపోయింది. ఆయన మోకాళ్ళ మీద మోచేతులు ఆనించుకుని, ఆమె మళ్ళీ మొదలుపెట్టేదాకా ఊరికే కూర్చున్నాడు. ఖాళీ సభలో కూర్చున్నది ఈ మనిషేనని గిరిజకి గుర్తొచ్చింది.

మైకు సరిగ్గా ఏడింటికి బాగైంది.

శాలువా కప్పారు. మాట్లాడమన్నారు. ఆయన మైకు అందుకోబోతుండగా తలుపు తెరుచుకుని, మూడు గంటల కార్డు అందుకున్న రెండు కుటుంబాలు పట్టుబట్టలతో హడావుడిగా లోపలికొచ్చాయి. టేబర్ వాళ్ళని చూసి, మైకులో, "ధారీలో ఉన్నారూ" అన్నాడు. హాలు గొల్లుమంది. ఆయన చేసిన ఉపన్యాసం అంతే.

కారు దాకా గిరిజే సాగనంపింది. "ఒక్క మాట అడుగుతాను. ఏడింటికి గానీ మొదలవదని మీకు తెలియదా?"

"మొదటి ఏడాదే తెలిసింది."

"మరి?"

"ఏడింటికి నాతో ఫోటో దిగేవాళ్ళు వస్తారు. అయిదింటికి వచ్చేవాళ్ళు వేరే. కుర్చీలు వేస్తూ ఉంటే మనుషులు వాళ్ళంతట వాళ్ళే మాట్లాడతారు, గిరిజా." శాలువా మీద మంచు పడకుండా మడిచి, కారెక్కి, ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పదవి దిగేలోపల ఆయన ఆ ఫైలు ఎక్కడుందో కనిపెట్టి కదిలించాడు. ఫిబ్రవరి గడిచింది. సుధ, సాన్వి ఎక్కడికీ వెళ్ళలేదు.

ఉగాది వచ్చింది. కార్డులో అయిదు వేశారు. గిరిజ పట్టుచీర సంచిలో పెట్టుకుని, మామూలు బట్టల్లో అయిదు కాకముందే హాలుకి వచ్చింది. కొత్త కాంగ్రెస్‌మన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, "దారిలో ఉన్నారు" అన్నారు.

"పర్వాలేదు, త్వరగానే నేర్చుకున్నాడు" అన్నాడు రాధాకృష్ణ.

అయిదింటికి తలుపు తెరుచుకుంది. పాత స్వెటర్‌లో టేబర్. పిలిచినవాళ్ళు లేరు, అయినా వచ్చాడు. "అందరూ ఏరీ?" అన్నాడు. వంటగదిలోంచి సుధ, హనుమయ్య, రేణు ఒక్క గొంతుతో జవాబిచ్చారు.

"ఇప్పుడు నేను ఎవరికీ ఏమీ చేయలేను, తెలుసుగా?" అన్నాడు గిరిజతో.

"కుర్చీలు వేయగలరు కదా. కానివ్వండి."

ఆయన నవ్వి, వంటగది పక్క మూలలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశాడు. వాటి పక్కన బల్ల దగ్గర, ఈ మధ్యే ఈ ఊరొచ్చిన అవని అనే అమ్మాయి తల వంచుకుని ఒక్కతే మామిడికాయలు తరుగుతోంది. టేబర్ ఆ అమ్మాయిని చూశాడు, గిరిజని చూశాడు. ఒక కుర్చీని గిరిజ వైపు కొంచెం జరిపి, తను మిగతా కుర్చీలు తేవడానికి వెళ్ళిపోయాడు.

గిరిజ కూర్చుంది.

"అవనీ, ఆ మామిడికాయలు ఇలా తీసుకుని రామ్మా, ఇద్దరం కలిసి తరుగుదాం. ఏడింటిదాకా ఎవరూ రారు."